మీకు తెలుసా? తూటాల పట్టీకి తూటాయే సీల!

మెషిన్‌గన్ తూటాల పట్టీ మొదట్లో నూలు గుడ్డే. తడిస్తే గుడ్డ బిగుస్తుందని ఆదోని పత్తి మార్కెట్‌కు బండి కట్టే పెద్దకడుబూరు రైతుకు వేరే చెప్పాలా? పట్టీ అలా బిగిస్తే తుపాకీ మొరాయించేది. అందుకే 1917లో బ్రిటిష్ యుద్ధ విమానాలకు ప్రిడో అనే ఆయన రూపొందించిన లోహపు లింకులు వచ్చాయి.

నాటో 7.62 మి.మీ. తూటాల లింకు ‘ఎం13’ను చేతిలోకి తీసుకుంటే ఒక పక్క రెండు చుట్లు, మరో పక్క ఒకటి కనిపిస్తాయి. పక్క లింకు చుట్టును వీటి మధ్య ఇరికించి తూటా దూరిస్తే అదే సీల. తూటా జారిందా, లింకు ఊడి రాలుతుంది. 5.56 మి.మీ. తూటాలకు వాడే ‘ఎం27’ అచ్చం దీని తమ్ముడే. చుట్టు వెడల్పు చూస్తే తేడా తెలుస్తుంది.

మెదక్ ఆయుధ కర్మాగారం (ఎద్దుమైలారం) తయారుచేసిన బీఎంపీ-2 వాహనంలోని పీకేటీ తుపాకీది రష్యా పద్ధతి. తూటాను పట్టీలోంచి వెనక్కి లాగుతుంది, లింకులు విడివిడిగా రాలవు.

ఎక్కడైనా ఇలాంటి లింకు కనిపించి, అందులో తూటా ఉంటే మాత్రం ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి.