స్టాఫర్డ్ టెరేస్‌లోని పదునెనిమిదవ ఇల్లు

విక్టోరియా రాణి 1837 మొదలు 1901 వరకు ఇంగ్లండును పాలించెను. ఆ కాలమున లండను నగరము మిక్కిలి వేగముగా పెరిగెను. కర్మాగారముల వలనను, వర్తకము వలనను, సామ్రాజ్యము వలనను ధనము వచ్చిపడగా, మధ్యతరగతి కుటుంబములకై గృహనిర్మాతలు వీథులకు వీథులే కట్టి అమ్మజూపిరి. నగరమునకు పడమట కెన్సింగ్టన్ పేటలో గల స్టాఫర్డ్ టెరేస్ అట్టి వీథులలో ఒకటి. అందలి పదునెనిమిదవ ఇల్లు బయటినుండి చూచువారికి ప్రక్క యిండ్లవలెనే కనబడును. లోనికి పోయి చూచినవారికి మాత్రము అట్టి యిల్లు మరియొకటి దొరకుట అరుదని తోచును.

ఈ యిండ్లు ఒకదాని గోడ నొకటి ఆనుకొని వరుసగా నిలిచియుండును. నగరములో భూమి ప్రియము. కావున ఇల్లు వెడల్పునకు పెరుగక ఎత్తునకు పెరిగినది. ప్రక్కగోడలకు కిటికీలు పెట్టుటకు వీలు లేదు. వెలుతురు ముందునుండియు వెనుకనుండియు మాత్రమే రావలెను. అంతస్తుల అమరికలో ఆనాటి సంఘమంతయు కనబడును. వీథిమట్టమునకు దిగువ వంటయిల్లు. దానిపైన భోజనశాలయు, ఇల్లాలు పగటివేళ కూర్చుండు గదియు. ఆ పైయంతస్తున ముందునుండి వెనుకవరకు సాగిన పెద్ద చావడి. అతిథులను కూర్చుండబెట్టునది అచ్చటనే. అంతకు పైన పడకగదులు. అన్నిటికంటె పైన పిల్లల గదియు, పనికత్తెలు నిద్రించు చిన్నగదియు. పనిచేయుట అట్టడుగున, పండుకొనుట చిట్టచివరన! బొగ్గుబుట్టలతోను, వేడినీటి కూజాలతోను ఆ మెట్లన్నియు దినమున కెన్నిమారులో ఎక్కి దిగినవారు ఆ పరిచారికలే. చావడిలోని సొగసును మెచ్చుకొనువారు వారిని తలచుకొనుట అరుదు.

1875లో ఈ యింట ప్రవేశించినవాడు ఎడ్వర్డ్ లిన్లీ శాంబోర్న్ (1844–1910). ‘పంచ్’ అను హాస్యపత్రికకు బొమ్మలు గీయుట అతని వృత్తి. సెసిల్ రోడ్స్ ఆఫ్రికా ఖండముపై కాళ్లు చాచి నిలిచినట్లు 1892లో ఇతడు గీసిన చిత్రము నేటికిని చరిత్ర పుస్తకములలో అచ్చగుచున్నది. ఇంటికి వచ్చుటకు ముందటి యేడే అతనికి మేరియన్ అను ఆమెతో వివాహమైనది. ఆమె అనేక సంవత్సరములు దినచర్య వ్రాసినది గనుక ఆ సంసారపు మంచిచెడ్డలు నేటివారికి చక్కగా తెలియుచున్నవి.

ఇల్లే ఒక కళాఖండము కావలెనను అభిప్రాయము ఆ రోజులలో విద్యావంతులలో ప్రబలియుండెను. గోడలకు సున్నము కొట్టుటకు మారుగా పూలును తీగెలును అచ్చువేసిన కాగితమును అంటించెడివారు. ఈ విద్యలో విలియం మోరిస్ (1834–1896) పేరు పొందినవాడు. శాంబోర్న్ దంపతులు గోడల కతని కాగితమునే అంటించిరి; కిటికీలకు రంగుటద్దములు బిగించిరి; చీనాదేశపు నీలి తెలుపు పింగాణీని అలమరలపై వరుసగా నిలిపిరి. దట్టమైన తెరలు, తివాసీలు, లెక్కకు మించిన కుర్చీలు, చిన్నబల్లలు గదుల నిండ నిండినవి. నేటివారి కిది కొంత ఉక్కిరిబిక్కిరిగా నుండుట నిజమే. కాని ముదురురంగులు వాడుటకు అందమొక్కటే కారణము కాదు. గదిగదికి బొగ్గుపొయ్యియు, దీపమునకు గ్యాసును గల ఆ నగరములో మసి లేని గోడ లేదు. లేతరంగులు ఎంతకాలము నిలుచును?

శాంబోర్న్ ధనవంతుడు కాడు. గొప్ప చిత్రకారుల మూలచిత్రములు కొనుట అతని శక్తికి మించిన పని. అందుచే వాటి ఛాయాచిత్రములను, అచ్చుప్రతులను చట్టములలో బిగించి గోడల నిండ వ్రేలాడదీసెను. అతడు బొమ్మ గీయు విధానము వింతయైనది. పత్రిక వారము వారము వెలువడవలెను. ఆలోచించుటకు వ్యవధి తక్కువ. అందుచే ఏ భంగిమ కావలసినను ఇంటివారినో పనివారినో అట్లే నిలువబెట్టి ఛాయాచిత్రము తీసి, దానిని చూచి గీసెడివాడు. ఆ చిత్రములను కడుగుటకు స్నానపుగదియే అతని ప్రయోగశాల. మొదట చావడి వెనుకభాగమున కిటికీ వెలుతురున గీసెడివాడు. పిల్లలు పెరిగిన పిదప, 1899లో, మీది యంతస్తులోని పిల్లల గదియే అతని చిత్రశాల అయ్యెను.

అతని తరువాత కాలము మారినది. ఇరువదవ శతాబ్దమున విక్టోరియానాటి వస్తువులన్నచో జనులకు ఏవగింపు కలిగెను. గోడలకు తెల్లరంగు వేసిరి, బరువైన సామానులను అమ్మివేసిరి, ఎన్నియో కట్టడములను కూలద్రోసిరి. ఈ యింట నివసించిన కుమారుడు రాయ్ అవివాహితుడు. 1946లో మరణించువరకు అతడు తండ్రి అమర్చిన వస్తువులను పెద్దగా కదలింపలేదు. అతని మేనకోడలు ఆన్, రాస్ ప్రభువు భార్య, దీని విలువ నెరిగినది. 1957 నవంబరు 5వ తేదీన ఈ యింటి చావడిలోనే కొందరిని సమావేశపరచి, ఆ కాలపు కట్టడములను కాపాడుటకు ఒక సంఘము నేర్పరుపవలెనని ప్రతిపాదించెను. కవి జాన్ బెట్జిమన్, శిల్పచరిత్రకారుడు నికొలస్ పెవ్స్నర్ అందు ముఖ్యులు. 1958లో విక్టోరియన్ సంఘము వెలసెను. తొలిపోరాటములలో ఒకదానిలో అది ఓడినది: యూస్టన్ రైలుస్టేషను ముందరి మహాద్వారమును 1961–62లో పడగొట్టిరి. 1967లో సెయింట్ పాంక్రస్ స్టేషను మాత్రము దక్కినది.

ఇల్లు 1980లో నగరపాలక సంస్థ పరమై, ప్రజల సందర్శనకు తెరువబడెను. 1989 నుండి కెన్సింగ్టన్, చెల్సీ పురపాలక సంఘము దానికి యజమాని. చావడిలో శాంబోర్న్ తరువాతి రోజులలో మోరిస్ కాగితముపై బంగారువన్నె గల జపాను కాగితము నంటించెను. తోలువలె ఉబ్బెత్తు పనితనము గల ఆ కాగితము మిక్కిలి ఖరీదు. అందుచే అతడు కనబడు చోట్లనే దానిని అంటించి, పటముల వెనుకభాగమును విడిచిపెట్టెను. తరువాతివారు పటములను దింపి చూడగా, వాటి వెనుక పాత మోరిస్ కాగితము చతురస్రములుగా బయటపడెను.