వేగం కన్నా ప్రాణం మిన్న: సంగారెడ్డి, పటాన్‌చెరు రహదారులపై చిన్న పొరపాట్లు, పెద్ద ప్రమాదాలు

సంగారెడ్డి: రోడ్డు ప్రమాదం జరిగిన ప్రతిసారీ విధి వైపరీత్యమని సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. కానీ ఏ ప్రమాదాన్నయినా వెనక్కి వెళ్లి పరిశీలిస్తే, దాని మూలంలో ఎవరో ఒకరు చేసిన అతి సాధారణమైన పొరపాటు కనిపిస్తుంది. ఒక ఫోను కాల్, ఒక తొందరపాటు ఓవర్‌టేక్, కిలోమీటరు దూరం కలిసివస్తుందని పట్టిన రాంగ్ రూటు, రెప్పపాటు కునుకు. ఇటువంటి పొరపాట్లు అందరూ చేసేవే. వాటిలో కొన్ని గీతలతో పోతాయి, మరికొన్ని ప్రాణాలు తీస్తాయి. ఈ తేడాను అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది ఆ క్షణంలో వాహనం వెళుతున్న వేగం.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022 సంవత్సరంలో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. ఈ మరణాలలో 71.2 శాతం మితిమీరిన వేగం వల్ల సంభవించినవిగా నమోదయ్యాయి. అదే సంవత్సరం హెల్మెట్ ధరించని 50,029 మంది, సీటు బెల్టు పెట్టుకోని 16,715 మంది ప్రాణాలు కోల్పోయారు. తెలంగాణ రాష్ట్రంలో ఆ ఏడాది రోడ్డు ప్రమాద మృతుల సంఖ్య 7,500 దాటింది.

ఈ ప్రాంతంలోనే ఎందుకు?

గతంలో 9వ నంబరుగా, ప్రస్తుతం 65వ నంబరుగా వ్యవహరిస్తున్న పూణె - హైదరాబాద్ - మచిలీపట్నం జాతీయ రహదారి రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి మీదుగా జహీరాబాద్ వైపు సాగుతుంది. ముత్తంగి వద్ద ఔటర్ రింగ్ రోడ్డు, సంగారెడ్డి సమీపంలో నాందేడ్, అకోలా వైపు వెళ్లే 161వ జాతీయ రహదారి దీనితో కలుస్తాయి. మహారాష్ట్ర, కర్ణాటకల నుండి వచ్చే సరకు లారీలు, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలకు ముడి సరకులు, రసాయనాలు చేరవేసే ట్యాంకర్లు, కంకర, ఇసుక టిప్పర్లు అన్నీ ఈ దారినే నడుస్తాయి.

అయితే ఇది దూరప్రయాణికుల దారి మాత్రమే కాదు. షిఫ్టు మారే వేళ వేలాది కార్మికులు ద్విచక్ర వాహనాలపై, షేర్ ఆటోలలో, కాలినడకన ఇదే రహదారిని దాటుతారు. వారిలో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుండి వచ్చి, ఈ రోడ్డు తీరు తెలియనివారు ఎందరో ఉన్నారు. ఇంద్రేశం, చిట్కుల్ వంటి గ్రామాల విద్యార్థులకు, కూరగాయలు అమ్ముకునే రైతులకు ఇది ఊరి బాటయే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ, 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి ఒకే చోట ఎదురుపడడమే ఈ ప్రాంతపు అసలు సమస్య.

మియాపూర్ నుండి సంగారెడ్డి వరకు 29 కిలోమీటర్ల మేర ఈ రహదారిని ఆరు వరుసలుగా విస్తరించే పనులకు 2024 మార్చి 5న సంగారెడ్డిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. విస్తరణ రద్దీని తగ్గిస్తుంది. కానీ వెడల్పయిన రోడ్డు వేగాన్ని పెంచుతుందని, దానిని కాలినడకన దాటేవారికి మరిన్ని అడుగులు పడతాయని కూడా గుర్తుంచుకోవాలి.

వేగం లెక్క

వేగం రెట్టింపైతే ప్రమాదం కూడా రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. వేగం రెట్టింపైతే వాహనంలోని గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరం కూడా అంతే పెరుగుతుంది.

ఎదురుగా అడ్డంకిని చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సాధారణంగా ఒకటిన్నర సెకను పడుతుంది. పొడి రోడ్డుపై, మంచి బ్రేకులున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే ఆ సమయంలో 25 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు పడ్డాక మరో 20 మీటర్లు వెళ్లి, మొత్తం 45 మీటర్లలో ఆగుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో అయితే ఈ దూరం దాదాపు 70 మీటర్లు, 100 కిలోమీటర్ల వేగంతో దాదాపు 97 మీటర్లు.

దీనిని మరొక విధంగా చూద్దాం. 45 మీటర్ల దూరంలో ఒక కార్మికుడు అకస్మాత్తుగా రోడ్డు మీదికి వచ్చాడనుకుందాం. 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు అతని ముందు ఆగుతుంది. అదే కారు 80 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, డ్రైవరు అదే క్షణంలో బ్రేకు వేసినా, అతనిని తాకేటప్పటికి కారు ఇంకా గంటకు 65 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఇద్దరు డ్రైవర్ల అప్రమత్తత సమానమే. ఒకచోట మనిషి ఇంటికి వెళతాడు, మరొకచోట ఆసుపత్రికి కూడా చేరకపోవచ్చు. కారు ముందు భాగం తగిలిన పాదచారి మరణించే ముప్పు, వేగం 50 నుండి 65 కిలోమీటర్లకు పెరిగితే నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది.

తడి రోడ్డుపై బ్రేకు దూరం రెట్టింపు వరకు పెరగవచ్చు. తొలకరి జల్లులకు రోడ్డుపై పేరుకున్న నూనె, దుమ్ము కలిసి జారుడు పొర ఏర్పడుతుంది. లోడుతో ఉన్న లారీకి, సగం నిండిన ట్యాంకరుకు కారు లెక్కలు వర్తించవు. ట్యాంకరులోని ద్రవం బ్రేకు వేయగానే ముందుకు, మలుపులో పక్కకు ఊగి వాహనాన్ని అదుపు తప్పిస్తుంది.

ఇంత ముప్పు తెచ్చుకొని ఆదా చేసే సమయం ఎంత? 30 కిలోమీటర్ల దూరాన్ని 60 కిలోమీటర్ల వేగంతో అరగంటలో చేరవచ్చు. ఆ దూరమంతా ఎక్కడా ఆగకుండా 80 కిలోమీటర్ల వేగంతో వెళితే మిగిలేది ఏడున్నర నిమిషాలు. కూడళ్లు, సిగ్నళ్లు ఉన్న ఈ రహదారిపై అదీ మిగలదు.

తరచూ జరిగే పొరపాట్లు

రాంగ్ రూటు: యూటర్న్ దూరమని ఎదురు దిశలో వెళ్లడం పారిశ్రామిక వాడల ముఖద్వారాల వద్ద నిత్యకృత్యమైంది. 40 కిలోమీటర్ల వేగంతో ఎదురు వెళ్లే బైకు, 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒకదానినొకటి సమీపించేది గంటకు 100 కిలోమీటర్ల వేగంతో. తప్పించుకునే వ్యవధి ఇద్దరికీ ఉండదు.

సెల్‌ఫోను: 60 కిలోమీటర్ల వేగంలో ఐదు సెకన్లు తెర వంక చూస్తే, 80 మీటర్లకు పైగా కళ్లు మూసుకొని నడిపినట్లే.

నిద్రమత్తు: రాత్రి షిఫ్టు ముగించుకొని బైకుపై బయలుదేరే కార్మికునికి, రాత్రంతా నడిపిన లారీ డ్రైవరుకు తెల్లవారుజాము గడ్డుకాలం. ఔటర్ రింగ్ రోడ్డుపై గరిష్ఠ వేగ పరిమితిని 2023లో గంటకు 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగంలో మూడు సెకన్ల కునుకు అంటే 100 మీటర్ల ప్రయాణం. కిటికీ తెరవడం, పాటలు వినడం నిద్రకు మందు కాదు. సురక్షితమైన చోట ఆగి కొద్దిసేపు నిద్రించడమే మార్గం.

రోడ్డుపై నిలిపిన వాహనాలు: చెడిపోయిన లారీని వెనుక ప్రతిబింబ త్రికోణం లేకుండా, పార్కింగ్ లైట్లు వేయకుండా వదలివేయడం, రాళ్లు అడ్డుపెట్టి తరువాత వాటిని అక్కడే విడిచివెళ్లడం చీకట్లో వచ్చేవారికి ప్రాణాంతకం.

ఎడమ వైపు నుండి ఓవర్‌టేక్: భారీ లారీకి ఎడమ పక్కన, వెనుక చక్రాల దగ్గర డ్రైవరుకు కనిపించని చోటు ఉంటుంది. అక్కడికి దూరిన ద్విచక్ర వాహనదారుడు లారీ ఎడమకు మళ్లగానే చక్రాల కింద పడతాడు.

దారి తప్పి వెనక్కి రావడం: ఔటర్ రింగ్ రోడ్డుపై దిగవలసిన చోటు దాటిపోయిందని రివర్సు చేయడం అవివేకం. తదుపరి ఎగ్జిట్ వరకు వెళ్లి తిరిగిరావడానికి అయ్యే ఇంధనం ఖర్చు ఏ ప్రాణం కన్నా ఎక్కువ కాదు.

చేదు పాఠాలు

సికింద్రాబాద్ కంటోన్మెంట్ శాసనసభ్యురాలు జి. లాస్య నందిత 2024 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున పటాన్‌చెరు సమీపంలో ఔటర్ రింగ్ రోడ్డుపై జరిగిన కారు ప్రమాదంలో మరణించారు. ఎన్నికై మూడు నెలలు నిండకుండానే, పది రోజుల ముందు మరో రోడ్డు ప్రమాదం నుండి బయటపడిన అనంతరం, ఈ దుర్ఘటన జరిగింది. పొరుగున ఉన్న రంగారెడ్డి జిల్లాలో 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది మృతి చెందారు. టిప్పరులోని కంకర ప్రయాణికులపై పడడం ప్రాణనష్టాన్ని పెంచింది. హోదా ఉన్నవారికైనా, బస్సులో కళాశాలకు, కొలువుకు వెళ్లేవారికైనా రహదారి మినహాయింపు ఇవ్వదని ఈ ఘటనలు గుర్తుచేస్తున్నాయి.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే వాహనం నడపడం నేరం. 2019 సవరణ ద్వారా చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం, మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, వాహనం రిజిస్ట్రేషను 12 నెలల పాటు రద్దు వర్తిస్తాయి. ఆ మైనరు 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సుకు అనర్హుడు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లు.

క్షతగాత్రులను ఆదుకునేవారు కేసులకు భయపడనవసరం లేదు. ఆపదలో సాయపడిన వ్యక్తిపై కేసు పెట్టరాదని 134ఎ సెక్షను స్పష్టం చేస్తున్నది. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఆచూకీ తెలియని కేసులలో 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన పథకం కింద మృతుని కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేల రూపాయల పరిహారం లభిస్తుంది. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాదం జరిగిన నాటి నుండి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల మేర చికిత్స పొందవచ్చు. ఈ పథకాల గురించి తెలియక ఎన్నో వలస కార్మిక కుటుంబాలు నష్టపోయే అవకాశమున్నది.

పరిశ్రమలు, అధికారులు, పాత్రికేయుల పాత్ర

బాధ్యతను డ్రైవరు ఒక్కనిపైనే మోపి ఊరుకుంటే ప్రమాదాలు తగ్గవు. ట్రిప్పుల లెక్కన కూలి చెల్లిస్తే డ్రైవరు వేగం పెంచక మానడు. గేటు వద్ద లోడింగుకు గంటల కొద్దీ నిలబెట్టి, సరకు మాత్రం వేళకు చేరాలంటే ఆ ఆలస్యం రోడ్డు మీద వేగంగా మారుతుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అనే కార్మిక నిబంధన డ్రైవర్లకు కూడా వర్తిస్తుంది. వారికి గేటు వద్ద విశ్రాంతి గది, తాగునీరు కల్పించడం, షిఫ్టు వేళలను కొద్దిపాటి తేడాతో నిర్ణయించడం, దూరపు కార్మికులకు బస్సు నడపడం పరిశ్రమలకు పెను భారమేమీ కాదు.

మూడేళ్లలో 500 మీటర్ల పరిధిలో మరణాలు లేదా తీవ్ర గాయాలు కలిగించిన 5 ప్రమాదాలు గానీ, 10 మరణాలు గానీ సంభవించిన చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. అంటే ఒక చోటుకు ఆ పేరు వచ్చేసరికే కొన్ని కుటుంబాలు నష్టపోయి ఉంటాయి. మనిషి పొరపాటు చేయక మానడని, ఆ పొరపాటుకు ప్రాణం మూల్యం కాకుండా రోడ్డును నిర్మించాలని స్వీడన్ పార్లమెంటు 1997లోనే విధానంగా స్వీకరించింది. పాదచారుల వంతెన, వీధి దీపం, వేగ నిరోధకం ముందు హెచ్చరిక గీత, డివైడరులో అనధికార సందుల మూసివేత ప్రమాదం జరగకముందే చేయదగిన పనులు.

ప్రమాదాల నమోదుకు దేశవ్యాప్తంగా వినియోగిస్తున్న ఐ-రాడ్ వ్యవస్థలో ఖచ్చితమైన స్థలం, సమయం, కారణం నమోదైతేనే దిద్దుబాటుకు దారి దొరుకుతుంది. పాత్రికేయులు కూడా "మృత్యువు కబళించింది" అనే మాటతో ఆగిపోకుండా హెల్మెట్ ఉన్నదా, ఆ చోట దీపం వెలుగుతున్నదా, యూటర్న్ ఎంత దూరంలో ఉన్నది, డ్రైవరు ఎన్ని గంటలుగా నడుపుతున్నాడు అనే వివరాలు సేకరించి రాస్తే, ఆ వార్త మరొక ప్రాణాన్ని కాపాడగలదు.

ప్రమాదం జరిగితే తొలి గంట అత్యంత విలువైనది. 108 అంబులెన్సుకు, 112 అత్యవసర నంబరుకు, జాతీయ రహదారులపై 1033 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. వెన్నెముక దెబ్బతిన్నదనే అనుమానం ఉంటే గాయపడిన వ్యక్తిని అనవసరంగా కదల్చరాదు. రక్తస్రావాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి ఆపాలి.

షిఫ్టుకు ఐదు నిమిషాలు ఆలస్యమైతే హాజరు పట్టీలో ఒక గుర్తు పడుతుంది, మరునాడు దానిని సరిదిద్దుకోవచ్చు. ఇంటి పెద్ద తిరిగి రాకపోతే ఆ లోటును ఏ పరిహారమూ పూడ్చలేదు. వాహనం తాళం తిప్పే ప్రతి ఒక్కరూ ఈ విషయాన్ని గుర్తుంచుకొని, పరిమిత వేగంతో, పూర్తి మెలకువతో ప్రయాణించవలసి ఉన్నది.