టీకా కోసం నిరీక్షణ: 2021 వేసవిలో ప్రజల అసహనానికి కారణాలు, యంత్రాంగానికి పాఠాలు

కోవిడ్-19 నివారణకు దేశవ్యాప్త టీకా కార్యక్రమం 2021 జనవరి 16న ప్రారంభమై, 2022 జూలై 17 నాటికి 200 కోట్ల డోసులను పూర్తి చేసుకున్నది. పరిమాణం రీత్యా ప్రపంచంలోని అతిపెద్ద టీకా కార్యక్రమాలలో ఇది ఒకటి. అయినప్పటికీ 2021 ఏప్రిల్, మే మాసాలను తలచుకునే సామాన్య పౌరునికి ముందుగా జ్ఞాపకం వచ్చేవి తెల్లవారకముందే ఆసుపత్రి గేటు వద్ద కట్టిన వరుస, 'నేడు టీకా లేదు' అని తగిలించిన బోర్డు.

ఆనాటి అసహనానికి టీకా కొరత ఒక్కటే కారణమని భావించడం సమగ్రం కాదు. ఎవరెవరు అర్హులో ప్రభుత్వాలు ప్రకటించాయి గాని, ఎవరికి ఏ నాటికి అందుతుందో చెప్పగలిగే స్థితి అప్పుడు లేదు. అర్హతకు, సరఫరాకు మధ్య ఏర్పడిన ఈ అంతరమే అసంతృప్తికి మూలం. అది ఏర్పడిన తీరు, ఆ తర్వాత తగ్గిన తీరు పరిశీలించదగినవి.

తొలి దశ: నిల్వలు ఉన్నా మందకొడి స్పందన

పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ఉత్పత్తి చేసిన కోవిషీల్డ్, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థ భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో రూపొందించిన కోవాగ్జిన్ టీకాల పరిమిత అత్యవసర వినియోగానికి 2021 జనవరి 3న అనుమతి లభించింది. తొలి ప్రాధాన్యం సుమారు 1 కోటి మంది ఆరోగ్య సిబ్బందికి, 2 కోట్ల మంది పోలీసు, పారిశుద్ధ్య తదితర ముందువరుస సిబ్బందికి కేటాయించారు.

ఆ రెండు నెలలలో సమస్య స్వభావం వేరు. కేంద్రాలలో టీకా నిల్వ ఉన్నప్పటికీ ముందుకు వచ్చేవారి సంఖ్య అంచనాల కంటె తక్కువగా నమోదైంది. కోవాగ్జిన్ మూడవ దశ ప్రయోగాల మధ్యంతర ఫలితాలు మార్చి 3న గాని వెలువడకపోవడంతో కొందరు వైద్యులు సైతం వేచి చూశారు. ఫిబ్రవరి ముగిసే నాటికి దేశవ్యాప్తంగా వేసినవి సుమారు 1.4 కోట్ల డోసులు మాత్రమే. కేసులు తగ్గుముఖం పట్టి ఉండడంతో తొందర అవసరమన్న భావన ప్రజలలో గాని, యంత్రాంగంలో గాని బలంగా లేదు. కోవిషీల్డ్ కోసం జనవరిలో కేంద్రం ఇచ్చిన తొలి కొనుగోలు ఉత్తర్వు 1.1 కోట్ల డోసులకు పరిమితమైంది. మరోవైపు ఏప్రిల్ నాటికి 6 కోట్లకు పైగా డోసులు విరాళంగా, వాణిజ్యపరంగా, కోవాక్స్ అంతర్జాతీయ ఏర్పాటు ద్వారా ఇతర దేశాలకు చేరాయి.

అర్హత పెరిగిన వేగం, సరఫరా నడిచిన వేగం

మార్చి 1 నుండి 60 ఏళ్ళు దాటినవారికి, దీర్ఘవ్యాధులు గల 45-59 ఏళ్ళ వారికి, ఏప్రిల్ 1 నుండి 45 ఏళ్ళు దాటిన అందరికీ టీకా అనుమతించారు. అదే సమయంలో రెండవ విడత వ్యాధి విజృంభించింది. మే మొదటి వారంలో దేశంలో రోజువారీ కేసులు 4 లక్షలు దాటాయి. అంతకు ముందు సందేహించినవారే టీకా కేంద్రాలకు తరలివచ్చారు. ఈ పరిస్థితిలో మే 1 నుండి 18 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ అర్హులేనని కేంద్రం ఏప్రిల్ 19న ప్రకటించింది. ఏప్రిల్ 28న నమోదు ప్రారంభం కాగా, మొదటి రోజే 1.3 కోట్ల మందికి పైగా కోవిన్ వేదికలో పేర్లు నమోదు చేసుకున్నారు.

18-44 ఏళ్ళ వారి సంఖ్య సుమారు 59 కోట్లని, వారికి 122 కోట్ల డోసులు అవసరమని కేంద్రం సుప్రీంకోర్టుకు నివేదించింది. జూలై నాటికి సీరం సంస్థ నెలకు 6.5 కోట్లు, భారత్ బయోటెక్ నెలకు 2 కోట్ల డోసులు ఉత్పత్తి చేయగలవని అప్పటి అంచనా. ఈ లెక్క ప్రకారం ఒక్క ఈ వయోవర్గానికే 14 నెలల ఉత్పత్తి కావలసి ఉండగా, 45 ఏళ్ళు దాటినవారిలో అత్యధికులకు ఇంకా రెండవ డోసు అందవలసి ఉన్నది. వాస్తవంలో ఏప్రిల్‌లో సుమారు 9 కోట్లుగా ఉన్న డోసుల సంఖ్య మే నెలలో సుమారు 6 కోట్లకు తగ్గింది. అర్హులు రెట్టింపునకు మించి పెరిగిన నెలలోనే వేసిన డోసులు మూడవ వంతు తగ్గడం గమనార్హం.

ఉత్పత్తి వెనువెంటనే ఎందుకు పెరగలేదు?

టీకా తయారీ జీవప్రక్రియపై ఆధారపడినది. కోవాగ్జిన్ కోసం వైరస్‌ను కణజాలంలో పెంచి నిర్వీర్యం చేయాలి. ఇందుకు ఉన్నత స్థాయి జీవభద్రత గల ప్రత్యేక కర్మాగారం అవసరం. ఒక బ్యాచ్ తయారీ మొదలైనప్పటి నుండి పరీక్షలు ముగిసి విడుదలయ్యే వరకు సుమారు 120 రోజులు పడుతుందని భారత్ బయోటెక్ మే నెలలో వెల్లడించింది. అనగా మే నెలలో ప్రజలకు అందవలసిన డోసు జనవరిలోనే తయారీలో ప్రవేశించి ఉండాలి. తయారైన ప్రతి బ్యాచ్‌ను కసౌలీలోని కేంద్ర ఔషధ ప్రయోగశాల పరీక్షించిన తరువాతనే విడుదల చేసేవారు. ఈ భారాన్ని తగ్గించేందుకు 2021లోనే హైదరాబాద్, పుణె నగరాలలోని జాతీయ పరిశోధన సంస్థలలోనూ పరీక్షా సౌకర్యాలు సమకూర్చారు. రెండు ప్రధాన ఉత్పత్తి సంస్థలకు రూ. 4,500 కోట్ల ముందస్తు ఆర్థిక సహాయానికి ఆమోదం ఏప్రిల్ మూడవ వారంలో లభించింది. దాని ఫలితం అదే వేసవిలో కనిపించే అవకాశం స్వల్పం.

కేంద్రాల వద్ద ఆగ్రహానికి తక్షణ కారణాలు

మొదటిది, ఆన్‌లైన్ నమోదు. 18-44 ఏళ్ళ వారికి ముందస్తు నమోదు తప్పనిసరి చేశారు. స్లాట్లు తెరచిన క్షణాలలోనే నిండిపోయేవి. స్మార్ట్‌ఫోన్, అంతర్జాలం లేనివారు పోటీలోనే లేరు. పలు రాష్ట్రాలలో పట్టణవాసులు గ్రామీణ కేంద్రాలలో స్లాట్లు పొంది వాహనాలపై అక్కడికి చేరగా, ఆ ఊరివారు గుమ్మం వద్ద నిలిచిపోయారు. కోవిన్ వేదిక తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో అందుబాటులోకి వచ్చినది జూన్ నెలలో.

రెండవది, డోసుల మధ్య వ్యవధి. కోవిషీల్డ్ వ్యవధిని మార్చిలో 6-8 వారాలకు, మే 13న 12-16 వారాలకు పెంచారు. వ్యవధి పెరిగితే రక్షణ మెరుగవుతుందని బ్రిటన్ అనుభవం సూచించినందున ఈ నిర్ణయానికి శాస్త్రీయ ఆధారం లేకపోలేదు. అయితే కొరత తీవ్రంగా ఉన్న వారంలో వెలువడినందున ప్రజలు దానిని కొరతకు ముసుగుగా భావించారు. వ్యవధి మారని కోవాగ్జిన్ మొదటి డోసు పొందినవారు గడువు దాటిపోతున్నదన్న ఆందోళనతో కేంద్రాల చుట్టూ తిరిగారు.

మూడవది, సీసా పరిమాణం. ఒక కోవిషీల్డ్ సీసాలో 10 డోసులు ఉండేవి. మూత తెరచిన 4 గంటలలోగా వాడని మందును పారవేయాలన్నది అప్పటి నిబంధన. వృథాను నివారించేందుకు చిన్న కేంద్రాలలో సిబ్బంది పదిమంది సమకూడే వరకు వేచి ఉండేవారు. కారణం చెప్పనిచోట, కూలి పని మానుకొని వచ్చిన వ్యక్తికి అది నిర్లక్ష్యంగా తోచింది.

నాలుగవది, ధరలలో భేదం. మే 1 నుండి ఒకే టీకాకు కేంద్రం ఒక ధర, రాష్ట్రాలు మరొక ధర, ప్రైవేటు ఆసుపత్రులు ఇంకొక ధర చెల్లించవలసి వచ్చింది. ప్రభుత్వ కేంద్రం మూసి ఉండగా సమీప ప్రైవేటు ఆసుపత్రిలో సొమ్ము చెల్లించినవారికి టీకా లభించడం అసంతృప్తిని మరింత పెంచింది.

రెండు తెలుగు రాష్ట్రాలలో

టీకా తయారవుతున్న నగరంలోనే టీకా దొరకకపోవడం హైదరాబాద్ వాసులకు ప్రత్యేకించి బాధ కలిగించిన విషయం. కేటాయింపులు జాతీయ స్థాయిలో జరిగినందున ఉత్పత్తి కేంద్రం సమీపంలో ఉండడం వల్ల స్థానికులకు అదనపు ప్రయోజనం చేకూరలేదు. మే నెలలో ఉభయ రాష్ట్రాలు అందుబాటులో ఉన్న డోసులను ప్రధానంగా రెండవ డోసు వారికి మళ్ళించాయి. కోటి డోసుల చొప్పున ఇరు రాష్ట్రాలు పిలిచిన అంతర్జాతీయ టెండర్లకు గడువులోగా ఒక్క దరఖాస్తు కూడా రాలేదు. విదేశీ ఉత్పత్తిదారులు రాష్ట్రాలతో విడివిడిగా ఒప్పందాలకు ముందుకు రాకపోవడం ఇతర రాష్ట్రాల అనుభవం కూడా.

తరువాతి వారాలలో తెలంగాణ ప్రభుత్వం వంటగ్యాస్ సరఫరాదారులు, చౌకధరల దుకాణదారులు, ఆటో, క్యాబ్ డ్రైవర్లు వంటి ప్రజలతో అధికంగా మెలగేవారికి ప్రత్యేక శిబిరాలు నిర్వహించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐదేళ్ళ లోపు పిల్లల తల్లులకు ప్రాధాన్యమిచ్చింది. జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. సీసాలు చేరినపుడు వేయగల సిబ్బంది, శీతల వ్యవస్థ సిద్ధంగా ఉన్నవని ఆ దినం రుజువైంది. దశాబ్దాల సార్వత్రిక టీకా కార్యక్రమం ద్వారా సమకూరిన సామర్థ్యమది.

విధాన సవరణ

18-44 ఏళ్ళ వారి విషయంలో అనుసరించిన విధానం ప్రాథమికంగా హేతుబద్ధంగా లేదని, ఆన్‌లైన్ నమోదుపైనే ఆధారపడడం పేదలను దూరం చేస్తుందని సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో అభిప్రాయపడింది. ప్రభుత్వ కేంద్రాలలో ఈ వయోవర్గానికి అక్కడికక్కడే నమోదును మే 24న అనుమతించారు. ఉత్పత్తిలో 75 శాతాన్ని కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇస్తుందని ప్రధానమంత్రి జూన్ 7న ప్రకటించగా, జూన్ 21న ఆ విధానం అమలులోకి వచ్చింది. ఆ ఒక్కరోజే దేశంలో 80 లక్షలకు పైగా డోసులు వేశారు. సెప్టెంబరు 17న ఈ సంఖ్య 2.5 కోట్లు దాటింది. అక్టోబరు 21న మొత్తం 100 కోట్లకు చేరింది. నవంబరు నాటికి సమస్య మళ్ళీ తారుమారై, టీకా తీసుకోనివారిని వెదుకుతూ సిబ్బంది ఇంటింటికీ వెళ్ళవలసి వచ్చింది.

గ్రహించవలసిన పాఠాలు

అర్హతను ప్రకటించే ప్రతి ఉత్తర్వు వెంట జిల్లాలవారీగా రానున్న డోసుల సంఖ్య, తేదీ కూడా వెల్లడించడం అవసరం. తేదీ ఖరారు కానప్పుడు ఆ విషయాన్ని దాచకుండా చెప్పడం మేలు. నిల్వల వివరాలను ముందురోజు సాయంత్రమే కేంద్రం వద్ద ప్రదర్శించి, ఉన్న డోసులకు సరిపడా టోకెన్లు ఇచ్చినట్లయితే మిగిలినవారికి ఒక దినపు కూలి మిగులుతుంది. వైద్యపరమైన మార్పులకు ఆధారాలను ప్రకటనతో పాటే ప్రజల భాషలో వివరించాలి. ఆన్‌లైన్ నమోదు అదనపు సౌకర్యంగా ఉండాలే తప్ప ఏకైక ద్వారంగా ఉండరాదు.

పాత్రికేయులు సైతం మొత్తం డోసుల సంఖ్యతో పాటు రెండవ డోసు కోసం గడువు దాటి వేచి ఉన్నవారి సంఖ్యను అధికారులను అడిగి ప్రచురించడం ఉపయుక్తం. తన వంతు ఎప్పుడో తెలిసిన పౌరుడు ఎన్ని వారాలైనా ఓపిక పట్టగలడు. తెల్లవారుజామున మూడు గంటలకు వచ్చి, పది గంటలకు వట్టి చేతులతో తిరిగి వెళ్ళిన వృద్ధునికి ఆ సమాచారం ముందురోజే అందించగలిగితే, కొరత కాలంలో యంత్రాంగం చేయగల సేవలలో అది ముఖ్యమైనదవుతుంది.