హంపికి ముందు కంపిలి

హొసపేటలో రైలు దిగిన తెలుగు యాత్రికులు దాదాపు అందరూ హంపి దారి పడతారు. అదే ఊరి నుంచి ఈశాన్యంగా, తుంగభద్ర వాలు వెంట ముప్పై కిలోమీటర్లు వెళ్తే కంప్లి వస్తుంది. దారిలో బండరాళ్ల గుట్టలు ఒక్కొక్కటే వెనక్కి తగ్గి, చివరికి రెండు వైపులా వరిమళ్లే మిగులుతాయి. ఊరు మొదట్లో రైస్ మిల్లులు, తర్వాత ఎరువుల దుకాణాలు, ట్రాక్టర్ సామాను అమ్మే కొట్లు, ఎప్పుడూ నిండుగా ఉండే బస్టాండు. 2011 జనాభా లెక్కల్లో నలభై వేలకు కాస్త తక్కువ మంది ఉన్న ఈ పట్నం ఇప్పుడు బళ్లారి జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. 2021లో హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా ఏర్పడినప్పుడు కంప్లి మాత్రం బళ్లారిలోనే ఉండిపోయింది. విజయనగరం పుట్టకముందే రాజధానిగా వెలిగిన ఊరు విజయనగర జిల్లాలో లేకపోవడం చరిత్ర తెలిసినవాళ్లకు కాస్త కష్టంగానే ఉంటుంది.

ఈ ఊరి పేరు శాసనాల్లో కంపిలి. పదకొండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యులకు ఇక్కడ రాజభవనం ఉండేది. దాన్ని నేలమట్టం చేశానని చోళరాజు రాజాధిరాజు శాసనాల్లో చెప్పుకున్నాడు. కొన్నేళ్లకు వీరరాజేంద్రుడు కూడా కంపిలిని తగలబెట్టిన ఘనతను తన బిరుదుల పక్కన చేర్చుకున్నాడు. తంజావూరు వైపు నుంచి ఇంత దూరం వచ్చి మరీ కాల్చారంటే ఆనాటికి అదెంత ముఖ్యమైన పట్నమో ఊహించుకోవచ్చు. ఆ చాళుక్యుల్లో ఆహవమల్ల సోమేశ్వరుడు తీరని జబ్బుతో ఇదే తుంగభద్రలో, ఎగువన కురువత్తి దగ్గర 1068లో జలసమాధి అయ్యాడు.

కంపిలికి సొంత రాజ్యం వచ్చింది మాత్రం పదమూడో శతాబ్దం చివర్లో. ముమ్మడి సింగ నాయకుడు దేవగిరి యాదవుల కింద చిన్న సామంతుడు. అతని కొడుకు కంపిలరాయడు, యాదవుల రాజ్యం కూలిపోతున్న కాలంలో ఢిల్లీకీ, ద్వారసముద్రానికీ, ఓరుగల్లుకూ నడుమ ఉన్న ఈ రాళ్ల సీమలో తన జెండా నాటాడు. నది అవతల, ఇప్పటి గంగావతి తాలూకాలోని కుమ్మటదుర్గం అతని గట్టి కోట. హొసమలెదుర్గం రెండోది. కంపిలి రాజ్యానికి పేరిచ్చిన ఊరు.

ఆ రాజ్యం బతికింది కొద్ది దశాబ్దాలే. కూలిన తీరు మాత్రం ప్రపంచం దాకా వెళ్లింది. ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ మీద అతని మేనత్త కొడుకు బహాఉద్దీన్ గుర్షాస్ప్ తిరగబడి, ఓడి, పారిపోయి కంపిలరాయడి శరణు కోరాడు. రాయడు అతన్ని అప్పగించలేదు. 1327 ప్రాంతంలో ఢిల్లీ సేన వచ్చి చుట్టుముట్టింది. తిండిగింజలు అయిపోయాక రాయడు గుర్షాస్ప్‌ను ద్వారసముద్రంలో ఉన్న హొయసల బల్లాలుడి దగ్గరికి పంపించేసి, పెద్ద చితి పేర్పించాడు. అంతఃపుర స్త్రీలు అందులో దూకారు. రాయడు ఆఖరి యుద్ధంలో చచ్చిపోయాడు. ఈ సంగతంతా రాసిపెట్టినవాడు మొరాకోలోని టాంజియర్‌లో పుట్టిన యాత్రికుడు ఇబ్న్ బతూతా. అతను కంపిలిని చూడలేదు. కానీ ఈ యుద్ధంలో రాయడి కొడుకులు పదకొండు మంది చెరపడి ఢిల్లీ చేరారనీ, వాళ్లలో ముగ్గురిని తాను కలిశాననీ, ఒకడితో స్నేహం కూడా చేశాననీ రాశాడు. మధ్యధరా సముద్రం మొగలో పుట్టిన మనిషికి కంపిలి రాకుమారుడు స్నేహితుడయ్యాడన్న ఆ ఒక్క ముక్క నన్ను ఎన్నాళ్లుగానో వెంటాడుతోంది. శరణన్నవాడి కోసం రాజ్యాన్నే పోగొట్టుకున్న తండ్రి గురించి ఆ కొడుకు అతనితో ఏం చెప్పుకొని ఉంటాడు?

జనం తలుచుకునేది రాయణ్ని కాదు, అతని కొడుకు కుమారరాముణ్ని. ఈ సీమలో బోయలు, బేడర్లు అతన్ని తమవాడిగా చెప్పుకుంటారు. కన్నడంలో నంజుండకవి వంటివాళ్లు అతని మీద కావ్యాలే కట్టారు. కథ ఇదీ. ఆడుకుంటుంటే బంతి సవతితల్లి రత్నాజి మేడలో పడింది. తెచ్చుకోవడానికి వెళ్లిన రాముణ్ని చూసి ఆమె మనసుపడింది. అతను కాదన్నాడు. ఆమె రాజుకు చాడీ చెప్పింది. తల నరకమని తండ్రి ఆజ్ఞ. మంత్రి బైచప్ప రాముణ్ని నేలమాళిగలో దాచి, వేరే తల తెచ్చి చూపించాడు. ఢిల్లీ సేన కోట ముందుకొచ్చి, రాముడుంటే ఎంత బాగుండేదని తండ్రి ఏడ్చినప్పుడు మంత్రి అతన్ని వెలికి తెచ్చాడు. చివరికి ఢిల్లీ పంపిన మాతంగి అనే వీరనారి చేతిలో అతను కూలిపోయాడని పాట ముగుస్తుంది. ఇందులో చరిత్ర పాలెంతో పండితులు తేల్చుకుంటారు. రాజ్యం పోయి ఏడువందల ఏళ్లు కావస్తున్నా ఓడినవాడికే జాతర జరగడం మాత్రం ఈ నేల గుణం.

హరిహర బుక్కరాయలు కంపిలి కొలువులో కోశాగారం చూసేవారనీ, ఓటమి తర్వాత ఢిల్లీకి బందీలుగా వెళ్లి తిరిగి వచ్చారనీ ఒక సంప్రదాయం. వాళ్లు ఓరుగల్లు నుంచి వచ్చారని ఇంకో సంప్రదాయం. ఏది నిజమైనా, 1336లో విజయనగరానికి పునాది పడింది కంపిలి రాజ్యం ఖాళీ చేసిన చోటే. రాజధాని నది వెంట కాస్త ఎగువకు జరిగిందంతే.

ఆ మహానగరం 1565 తర్వాత పాడుపడింది. అందులో ఒక భాగం మాత్రం ఇప్పటికీ పని చేస్తూనే ఉంది. దాన్ని చూడాలంటే కంప్లికి రావాలి. విజయనగర రాజులు తుంగభద్ర మీద అడ్డంగా రాతి ఆనకట్టలు వేసి, రెండు గట్ల వెంట కాలువలు తవ్వించారు. తుర్తు, రాయ, బసవణ్ణ, కాళఘట్ట, బెళగోడు, రామసాగర, కంప్లి, దేశనూరు, సిరుగుప్ప అని వరసగా పేర్లు వినబడతాయి. ఈ ఆనకట్టల్లో సున్నం, గచ్చు కనిపించవు. నది నడుమ సహజంగా ఉన్న బండలనే ఆసరా చేసుకుని, వాటి మధ్య సందుల్లో ఎడ్లబండంత రాళ్లు పేర్చుకుంటూ పోయారు. అందుకే ఆనకట్ట తిన్నగా ఉండదు, బండ ఎటుంటే అటు మెలి తిరుగుతుంది. వరద వస్తే పైనుంచి దూకి పోతుంది, వేసవిలో నీళ్లు తగ్గితే ఉన్న కొద్దిపాటి ధారనూ కాలువ మూతి వైపు తిప్పుతుంది. నదిని ఆపాలని చూడకుండా, వాలు తెలుసుకొని కొంచెం పక్కకు పిలిచారు. నా మటుకు నాకు హంపి విఠలాలయం రాతి రథం కంటే ఇదే పెద్ద శిల్పం.

కాలువ గట్టు మీద నడిస్తే చాలా చోట్ల ఇవతలి ఒడ్డు పాతరాతి కట్టుబడి, అవతలిది ఈమధ్య పోసిన కాంక్రీటు. ఒకచోట తూము గూటిలో నిలబెట్టిన రాతికి తలుపు జారే గాడి అరచేతి వెడల్పున అరిగి, అద్దంలా నున్నబడి ఉంది. దానికి రెండడుగుల కింద కొత్తగా బిగించిన ఇనుప తలుపు, గ్రీజు పూసిన మరచుట్టు. నీళ్ల వంతు చూసే నీరుగంటి ఆ చుట్టు తిప్పితే, అదే గాడి పక్క నుంచి అదే నది నీరు పిల్లకాలువలోకి దిగుతుంది. 1953లో నీళ్లు వదిలిన తుంగభద్ర డ్యాం వెనుక ఎగువ ఆనకట్టలు కొన్ని మునిగిపోయాయి. రాయ, బసవణ్ణ కాలువలకు ఇప్పుడు డ్యాం నుంచే నీళ్లు. దిగువవి పాత పద్ధతిలోనే నడుస్తున్నాయి. కృష్ణా జలాల పంపకంలో బచావత్ ట్రిబ్యునల్ కూడా ఈ విజయనగర కాలువల వాటాను విడిగా గుర్తించింది.

ఈ నీళ్లే కంప్లి చుట్టూ అరటి, చెరకు, కొబ్బరి, అన్నిటికంటే ఎక్కువగా వరి. నవంబరు, డిసెంబరుల్లో రోడ్డు పక్కన బారుగా వడ్లు ఆరబోసి ఉంటాయి. మిల్లుల దగ్గరికి రాగానే ఊకపొగ, ఉడికిన వడ్ల వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. హోటల్లో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మనవైపు ఆదోనిలోనో గుంతకల్లులోనో తిన్న రుచే. ఒకే బెంచీ మీద కన్నడం, తెలుగు, ఉర్దూ కలిసి వినబడతాయి. మాట సగంలో భాష మారినా ఎవరూ పట్టించుకోరు. దానికి కారణాలు రెండు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన దత్తమండలాల్లో బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలన్నీ ఒకే గంపలోవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే ఆ గంప విడిపోయింది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు మనవైపు వచ్చాయి, కంప్లి ఉన్న హొసపేట తాలూకా మైసూరుకు వెళ్లింది. ఇక డ్యాం నీళ్లు పారాక గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి రైతులు కుటుంబాలతో వచ్చి ఈ ఆయకట్టులో భూములు కొన్నారు. వాళ్లు కట్టుకున్న ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ అని ఉంటుంది. అక్కడ సంక్రాంతి ముగ్గులు చూస్తే తణుకులో ఉన్నామా అనిపిస్తుంది.

పేట దాటి నది వైపు దిగితే కోట. గోడ అక్కడక్కడా మిగిలింది. లోపల గుడి, ఇళ్లు, జాలరుల కుటుంబాలు. గట్టున బోర్లించిన పుట్టిని దగ్గరగా చూడండి. వెదురు బద్దలను నడుమ నుంచి అడ్డదిడ్డంగా అల్లుకుంటూ వచ్చి అంచు పైకి మడిచి బిగిస్తారు. బయట ఒకప్పుడు తోలు, ఇప్పుడు మందపాటి ప్లాస్టిక్ పట్టా, మీద తారు పూత. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్, ఆనెగొంది రేవులో గంపల్లా గుండ్రంగా ఉన్న పడవల్లో పదిహేను ఇరవై మంది దాటడం, పడవ నీళ్ల మీద గిర్రున తిరుగుతూ పోవడం చూసి వింతపడి రాశాడు. ఇప్పుడు గంగావతికి వెళ్లడానికి వంతెన ఉంది. అయితే అది ఎత్తు తక్కువది. డ్యాం నుంచి లక్ష క్యూసెక్కులు దాటి వదిలితే నీళ్లు పైకెక్కుతాయి, పోలీసులు రాకపోకలు ఆపేస్తారు. 2019లోనూ, 2022లోనూ మునిగింది. నీరు తీశాక రెయిలింగు పొడవునా గడ్డి, గుర్రపుడెక్క, విరిగిన కొమ్మలు తోరణంలా వేలాడతాయి. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఈ గట్టు జనానికి రెండు దిగుళ్లు కలిసి వచ్చాయి. ఒకటి ముంపు, రెండోది నిల్వ నీరంతా సముద్రం పాలై వరి ఎండుతుందేమోనని. తెలుగువాడైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో వారం రోజుల్లో తాత్కాలిక పలకలు దించాక ఊపిరి తీసుకున్నారు.

కంప్లికి రైలు లేదు. గుంతకల్లు, బళ్లారి మీదుగా వచ్చే బండ్లలో హొసపేటలో దిగితే బస్సులు దొరుకుతాయి. బళ్లారి నుంచీ, గంగావతి నుంచీ కూడా ఉన్నాయి. బస హొసపేటలోనో గంగావతిలోనో చూసుకోవడం మేలు. కాలువలు నిండుగా, ఎండ నెమ్మదిగా ఉండేది అక్టోబరు నుంచి జనవరి దాకా. వానాకాలంలో వచ్చేవాళ్లు వంతెన తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోవాలి. మూసేస్తే బుక్కసాగర, కడెబాగిలు వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. కుమ్మటదుర్గం ఎక్కాలనుకుంటే గంగావతి వైపు నుంచి స్థానికుల్ని తోడు తీసుకుని పొద్దున్నే బయల్దేరండి, పైన నీడ ఉండదు, తాగే నీళ్లు మీరే మోసుకెళ్లాలి.