కానరాని కాంతికై మరో నేత్రం

రాత్రివేళ ఆకాశాన్ని తిలకించేవారికి అది ప్రశాంతతకు ప్రతిరూపంగా తోస్తుంది. కాని మన కంటికి గోచరించే కాంతి, విశ్వం వెదజల్లే కిరణాలలో స్వల్పభాగం మాత్రమే. ఎముక విరిగినప్పుడు తీయించే ఎక్స్-రే మనందరికీ పరిచితమే. ఆ జాతి కిరణాలే కోట్ల డిగ్రీల వేడిమితో కాగుతున్న వాయురాశుల నుండి, కృష్ణబిలాల పరిసరాల నుండి నిరంతరం వెలువడుతున్నాయి. భూవాతావరణం వాటిని నేలకు చేరనీయదు. మన ప్రాణాలను కాపాడే ఆ కవచమే ఖగోళ శాస్త్రజ్ఞునికి అడ్డుగోడ.

1962లో రికార్డో జియాకోనీ బృందం ఒక రాకెట్టు ద్వారా పరికరాలను పైకి పంపి, వృశ్చికరాశిలో సౌరకుటుంబానికి వెలుపలి తొలి ఎక్స్-కిరణ జనకాన్ని కనుగొన్నది. ఈ రంగంలో మన దేశం వెనుకబడి లేదు. 1960వ దశకం చివరిలోనే టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు హైదరాబాదు నుండి బెలూన్లలో పరికరాలను ఎగురవేశారు. 1975లో ప్రయోగించిన ఆర్యభట్ట ఉపగ్రహంలోనూ ఎక్స్-కిరణ పరికరం ఉన్నది. 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ శ్రీహరికోట నుండే నింగికెగశాయి.

ప్రపంచ శాస్త్రజ్ఞులు ముఖ్యంగా ఆధారపడినవి మాత్రం 1999లో ప్రయోగించిన రెండు పెద్ద దూరదర్శినులు. ఒకటి సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ స్మృత్యర్థం పేరు పెట్టిన అమెరికావారి చంద్రా, రెండవది ఐరోపావారి ఎక్స్ఎంఎం-న్యూటన్. రెండింటికీ పాతికేళ్లు దాటాయి. 2024లో చంద్రా నిర్వహణ నిధులకు కోత విధించే ప్రతిపాదన కూడా వచ్చింది. ఇవి మూగబోయేలోగా వారసులు సిద్ధం కావాలి. అట్టి వారసత్వానికై ఐరోపా అంతరిక్ష సంస్థ తలపెట్టినదే న్యూ అథీనా.

ఎక్స్-కిరణాలు అద్దానికి ఎదురుగా తగిలితే ప్రతిఫలించక అందులోనే ఇంకిపోతాయి. చెరువు నీటిపై పెంకును ఏటవాలుగా విసిరితే మునగక ఎగిరెగిరి పోవడం మనం చిన్ననాడు చూసినదే. అదే రీతిగా ఈ కిరణాలను అద్దాల ఉపరితలాన్ని ఒరుసుకొనిపోయేట్లు మళ్లించి ఒకచోట కేంద్రీకరిస్తారు. ఇందుకై న్యూ అథీనాలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ వాడే సిలికాన్ పలకలనే గాడులు తీసి, పొరలుగా పేర్చి తేలికపాటి అద్దంగా మలుస్తున్నారు. చంద్రా అంత సునిశితంగా చూడలేకపోయినా, ఇది దానికి అనేక రెట్లు అధికంగా కిరణాలను సేకరించగలదు. దీని పరికరాలలో ఒకటి, కిరణం తాకినప్పుడు కలిగే అత్యల్ప ఉష్ణభేదాన్ని కొలిచి దాని శక్తిని నిర్ణయిస్తుంది. అందుకై పరమశూన్యానికి ఒక డిగ్రీలో పదో వంతు కంటె తక్కువ ఎగువన దానిని చల్లగా ఉంచవలసి ఉంటుంది. గెలాక్సీ సమూహాల నడుమ వ్యాపించిన వేడి వాయువు ఎట్లు కదులుతున్నదో, ఆదికాలపు కృష్ణబిలాలు ఎట్లు పెరిగాయో తెలుసుకొనడం దీని ధ్యేయం.

అయితే ఈ పథకం ఒక దశలో నిలిచిపోయే పరిస్థితి ఏర్పడింది. 2014లో అథీనా పేరిట ఎంపికైన దీని వ్యయం, 2022 నాటికి ఆ సంస్థ భరించగల పరిమితిని మించిపోయింది. రద్దు చేయడమా, కుదించడమా అన్న ప్రశ్న తలెత్తింది. ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు కూర్చుండి శీతలీకరణ వ్యవస్థను సరళీకరించారు. ఏ లక్ష్యాన్ని విడువరాదో, దేనిని సడలించవచ్చునో తేల్చారు. 2023 నవంబరులో కొత్త రూపానికి ఆమోదం లభించింది. అంచనాలు పెరిగినప్పుడు పథకాన్ని చేజారనీయక నిలబెట్టుకొనడంలోని శ్రమ ఎంతటిదో ప్రభుత్వరంగంలో పనిచేసే మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

2027లో తుది నిర్ణయం, 2037లో ప్రయోగం అన్నది సంస్థ ప్రణాళిక. అంటే ఈ పరికరానికి రూపకల్పన చేసినవారిలో పలువురు అది పనిచేసే వేళకు పదవీ విరమణ చేసి ఉంటారు. అది పంపే సమాచారాన్ని విశ్లేషించేవారు నేడు పాఠశాలలో ఉన్నారు. మన ఇండ్లలోని పిల్లలు కొందరు వారి సరసన నిలువగలిగితే, హైదరాబాదు బెలూన్లతో ఆరంభమైన కృషికి అది సముచితమైన కొనసాగింపు కాగలదు.