హార్డ్ డిస్కు చెడు వేళ

బాలలారా! కొన్ని ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్కు ఉండును. అందలి నున్నని పళ్ళెములు సాధారణముగా నిమిషమునకు 5,400 మారులు తిరుగుచుండును. వానిపైని వ్రాతను చదువు సాధనము, వెండ్రుక మందములో వేయవ వంతైనను లేని యెడమున, పళ్ళెమును తాకక సంచరించును. తాకినచో అచటి వ్రాత చెరిగిపోవును.

ఫైళ్ళు తెరచుకొనుటలో జాగు, చదువజాలమను హెచ్చరికలు కానవచ్చినచో, మరమ్మతు తలపెట్టక, ముందుగా ముఖ్యమైన వ్రాతలను, చిత్రములను వేరొక డిస్కునకు నకలు చేసికొనవలెను. టకటకమను ధ్వని వినవచ్చినచో వెంటనే యంత్రమును ఆపి నిపుణునకు అప్పగింపవలెను. తిరిగిన కొలఁది గాయము పెరుగును.

క్రొత్త డిస్కు అంగడిలో దొరకును. తాతగారి ఛాయాచిత్రము దొరకదు. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుటకంటె, డిస్కు బాగుగా నున్నపుడే రెండవ ప్రతిని దాచుకొనుట వివేకము.