కోసినా చావని తీగ

పిల్లలూ! మన ఆర్మూరు ప్రాంతంలో పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి బజారుకు తెస్తారని మీకు తెలుసు. అట్లా ఉడికిన కొమ్మును నేలలో పాతితే మొలుస్తుందా? మొలవదు. ఉడకడంతోనే దాని ప్రాణం పోయింది.

ఇక చేనిగట్టున వేపచెట్టుకు అల్లుకొని వుండే తిప్పతీగను చూడండి. దాని మొదలు నరికివేసినా అంత సులువుగా చావదు! పైన వేలాడే తీగ నుంచి దారాలవంటి సన్నని వేళ్ళు బయలుదేరి, కిందికి దిగి, నేలను అందుకొంటాయి. అందుకే కాబోలు, గుడూచి అనే ఈ తీగకు సంస్కృతంలో "అమృత" అని మరొక పేరు.

వేరు తెగినా బతకడానికి బలం ఎక్కడిది? కాండంలోనే నీరూ, పిండిపదార్థమూ దాచుకొన్నది. కాగితంవంటి బెరడును గోటితో గీకితే లోపల పచ్చగా వుంటుంది. అడ్డంగా కోస్తే బండిచక్రం కనిపిస్తుంది. నడిమి నుంచి అంచుదాకా చక్రపు ఆకులవంటి గీతలు. కాండాన్ని దంచి, నీళ్ళలో పిసికి, వడగట్టి వుంచితే తెల్లని పిండి అడుగున పేరుకొంటుంది. అదే తిప్పసత్తు. పూర్వంనుంచీ వైద్యులు జ్వరాలకు వాడుతున్నారు.

అయితే, మంచిదన్నారు గదా అని ఎవరికి వారే తాగవచ్చునా? 2020లో కరోనా వచ్చినప్పుడు ఎందరో అట్లాగే చేశారు. ఆ యేడు తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు. వారు వాడినది తిప్పతీగేనని తేల్చలేదన్నది. దీనికి దగ్గరి బంధువైన తీగ ఒకటున్నది. దాని కాండం నిండా పులిపిర్లవంటి బుడిపెలు! దానివల్ల హాని కలుగవచ్చునని 2022లో ఆ శాఖే హెచ్చరించింది. కాని అదే యేడు 13 ఆసుపత్రుల వైద్యులు కలిసి ఇటువంటి రోగులను 43 మందిని లెక్కించారు. నాకు వైద్యుల మాటే బరువుగా తోస్తున్నది. పెద్దలారా, కషాయం కాచే ముందు డాక్టరును అడగండి.

పిల్లలూ, మీరు దీన్ని నోట పెట్టవద్దు, కంటితో చదవండి. నాన్నగారి చేత జానెడు ముక్క కోయించి, నీడన దారంతో వేలాడదీయండి. వారానికొకసారి చూచి, వేరుగాని చిగురుగాని వచ్చిందేమో, ఎంత పొడుగో నోటుపుస్తకంలో రాయండి. చెట్టుమీది తీగకు బఠాణీ గింజంత ఎర్రని పండ్లు కాస్తున్నాయా? అది ఆడతీగ. ఎన్నడూ కాయకపోతే మగతీగ కావచ్చు. ఈ జాతిలో ఆడపూలు ఒక తీగకు, మగపూలు మరొక తీగకు పూస్తాయి.